వాడ లెక్కలు – 9: మట్టికి టేపు, డాక్టరుకి రిజిస్టరు



పోయిన భాగం చదివి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. రిటైరయ్యి హైదరాబాదులో ఉంటున్నారు. మంచి మనిషే. "బాబూ, నువ్వెప్పుడూ లేదు లేదు అనే రాస్తావు. దేశంలో 834 మందికి ఒక డాక్టరు ఉన్నాడని పార్లమెంటులోనే చెప్పారు. వెయ్యి మందికి ఒకరుంటే చాలంటారు. అంతకంటే మెరుగ్గానే ఉన్నాం కదా, ఇంకేం కావాలి మీకు?" అన్నారు.

పెద్దాయనతో వాదన పెట్టుకోలేదు. "సరే సార్, రాస్తాను" అని పెట్టేశాను. ఇదిగో రాస్తున్నాను. కొంచెం పొడుగే. ఓపిగ్గా చదవండి.

ముందు మా నాన్న సంగతి చెప్పాలి. లేకపోతే ఈ లెక్కల మీద నాకెందుకింత మంట అని మీకు అర్థం కాదు.

నాన్న 2019లో పోయాడు. మిరపకోతల కాలం. ఆ రోజు పొద్దున ఆటో వచ్చి హారన్ కొడుతోంది. కూలీలంతా ఎక్కుతున్నారు. నాన్న మంచం మీద నుంచి లేవబోతే కుడిచెయ్యి లేవలేదు. మాట ముద్దముద్దగా వచ్చింది. కూలికి తీసుకెళ్ళాల్సిన ఆటోలోనే వేసుకుని టౌన్‌కి పరిగెత్తాం. అక్కడ చిన్న డాక్టరమ్మ అడిగింది, "ఎన్నేళ్ళ నుంచి బీపీ ఉంది? ఏం మాత్రలు వాడుతున్నాడు?"

అమ్మ నా మొహం చూసింది. నేను అమ్మ మొహం చూశాను. "మాకు బీపీలెక్కడివమ్మా, కష్టం చేసుకునేవాళ్ళం" అంది అమ్మ.

బీపీ ఉన్నవాళ్ళకే బీపీ ఉంటుందని అమ్మ నమ్మకం. అంటే కుర్చీలో కూర్చుని ఉద్యోగం చేసేవాళ్ళకి. ఆ రోజు దాకా నాన్న జబ్బకి ఆ పట్టీ కట్టినవాడు ఒక్కడు లేడు. అరవై ఏళ్ళు దగ్గర పడుతున్న మనిషికి. పదకొండో రోజున శవాన్ని ఇంటికి తెచ్చుకున్నాం. పెద్ద ఆసుపత్రిలో పెద్ద వైద్యానికి కార్డు ఉంది. దానికి ముందు కావలసిన రూపాయి, రెండు రూపాయల మాత్ర రాసే మనిషి మాత్రం లేడు.

ప్రభుత్వ లెక్కలో మా ఊరికి డాక్టరు ఉన్నాడు. పీహెచ్‌సీ బోర్డు మీద పేరుంది. నెలకోసారి 104 బండి కూడా వచ్చేది. పొద్దున పదింటికి వచ్చి పంచాయతీ ఆఫీసు దగ్గర ఆగేది. మా వాళ్ళు ఆరింటికే చేలకి పోతారు, సాయంత్రం ఐదున్నరకి తిరిగొస్తారు. అంటే నాన్నకి డాక్టరు ఉన్నాడు. నాన్న అక్కడ లేని గంటల్లో ఉన్నాడు.

ఇక 834 దగ్గరికి వద్దాం.

ఈ అంకె ఎట్లా పుట్టిందో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులో తనే చెప్పింది. దాచిందేమీ లేదు, మనమే చదవం. 2022 జూన్ నాటికి రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్ళలో, జాతీయ మెడికల్ కమిషన్‌లో పేరున్న అల్లోపతి డాక్టర్లు 13,08,009 మంది. వీళ్ళలో 80 శాతం అందుబాటులో ఉన్నారని "అనుకున్నారు". దానికి 5.65 లక్షల ఆయుష్ డాక్టర్లని కలిపారు. ఆ మొత్తంతో జనాభాని భాగిస్తే 834 వచ్చింది.

ఇందులో మూడు కీళ్ళున్నాయి. మూడూ వదులే.

ఒకటి, ఆ రిజిస్టరు. ఎంబీబీఎస్ పాసయ్యి కౌన్సిల్లో పేరు రాయించుకుంటే ఆ పేరు అక్కడే ఉంటుంది. ఆ డాక్టరు అమెరికా పోయినా ఉంటుంది. ప్రాక్టీసు మానేసి రియల్ ఎస్టేటులో దిగినా ఉంటుంది. చచ్చిపోయినా, ఎవరో కాగితం పట్టుకెళ్ళి తీయించేదాకా ఉంటుంది. ఒక రాష్ట్రంలో చదివి ఇంకో రాష్ట్రంలో పనిచేస్తే రెండు చోట్లా ఉండొచ్చు. దేశమంతటికీ కలిపి బతికున్న రిజిస్టరు ఒకటి ఉండాలని 2019 చట్టంలో రాసుకున్నారు. దాని పోర్టల్‌ని 2024 ఆగస్టులో మొదలుపెట్టారు. అంటే అంతదాకా లేదని ఒప్పుకున్నట్టే కదా.

రెండు, ఆ 80 శాతం. ఎవరు ఎక్కడ కొలిచారు? ఎవరూ కొలవలేదు. అది కొలత కాదు, ఊహ. ఒక రేషన్ డీలరు "గోడౌనులో బియ్యం 80 శాతం ఉన్నాయనుకుని పంచేశాను" అంటే ఊరుకుంటారా?

మూడు, ఆయుష్ కలపడం. ఆయుర్వేదం, హోమియో, యునానీ డాక్టర్లని నేను తక్కువ చెయ్యడం లేదు. వాళ్ళ పని వాళ్ళు చేస్తున్నారు. కానీ లెక్క మంచిగా కనబడ్డానికి మాత్రమే వాళ్ళని కలుపుకుని, ఉద్యోగం ఇచ్చేటప్పుడు, జీతం ఇచ్చేటప్పుడు పక్కన పెడితే దాన్నేమంటారు? వాళ్ళని తీసేసి అదే పద్ధతిలో మీరే భాగించి చూడండి. 834 కాస్తా దాదాపు 1,280 అవుతుంది.

ఇవన్నీ సరిచేసినా అసలు ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆ పదమూడు లక్షల్లో మా నాన్న జబ్బకి బీపీ పట్టీ కట్టే డాక్టర్లు ఎంతమంది? గుండె ఆపరేషన్ చేసే సర్జనూ ఒకటే, స్కానింగ్ రిపోర్టు రాసే డాక్టరూ ఒకటే, మెడికల్ కాలేజీలో శవం మీద పాఠం చెప్పే ప్రొఫెసరూ ఒకటే, చర్మానికి లేజరు వేసే డాక్టరూ ఒకటే. అందరూ ఆ 834లో ఉన్నారు. వాళ్ళెవరూ మా ఇంటి డాక్టర్లు కారు.

ఇంటి డాక్టరంటే ఎవరు? ఏ జబ్బయినా మనం మొదట వెళ్ళే మనిషి. మన పేరు, మన ఇంటి పరిస్థితి, మన అమ్మకి ఏ మందు పడదో తెలిసిన మనిషి. వచ్చే నెల వెళ్ళినా మళ్ళీ అదే మనిషి. పెద్దాసుపత్రికి ఎప్పుడు పోవాలో, ఎప్పుడు పోనక్కర్లేదో చెప్పే మనిషి. ఇట్లాంటి డాక్టర్లు ఆంధ్రాలో ఎంతమంది, తెలంగాణాలో ఎంతమంది అని ఎవర్నయినా అడగండి. మంత్రిని అడగండి, సెక్రటరీని అడగండి. మెడికల్ సీట్లు ఎన్నో చెప్తారు. పీహెచ్‌సీలు ఎన్నో చెప్తారు. ఇది చెప్పలేరు. ఎందుకంటే లెక్కపెట్టాలని ఎవరికీ అనిపించలేదు.

ఇక్కడ ఒక మాట. మా అమ్మ ఉపాధి పనికి పోయేది. మీ అమ్మలు కూడా పోయే ఉంటారు. పొద్దున్నే మస్టర్ వేస్తారు. ఎండలో గుంట తవ్వుతారు. సాయంత్రానికో వారానికో కొలతలు తీస్తారు. పొడవు ఎంత, వెడల్పు ఎంత, లోతు ఎంత. టేపు పెట్టి కొలిచి, తగ్గితే కూలి కోసేస్తారు. "రోజంతా ఉన్నాం కదా బాబూ" అంటే, "ఉంటే సరిపోదమ్మా, పని కనబడాలి" అంటారు.

ఒక దళిత ఆడమనిషి తవ్విన మట్టిని ఘనపు మీటర్లలో కొలవగలిగిన ప్రభుత్వానికి, డాక్టరు వాడలో ఎన్ని గంటలు కూర్చున్నాడో కొలవడం చేతకాదా? మట్టికి టేపు, డాక్టరుకి రిజిస్టరా? అక్కడ పని కనబడాలి, ఇక్కడ పేరు కనబడితే చాలా?

కొలవడం కుదరదు అనేవాళ్ళకి ఇంగ్లండు చూపిస్తాను. అక్కడ మన తెలుగు డాక్టర్లు కూడా చాలామంది పనిచేస్తున్నారు కాబట్టి మనకి పరాయి సంగతేం కాదు. అక్కడ ఇంటి డాక్టర్ని జీపీ అంటారు. వాళ్ళ ప్రభుత్వ వైద్య సంస్థ జీపీల లెక్కని నెలనెలా బయటపెడుతుంది. రెండు అంకెలు వేస్తుంది. ఒకటి తలల లెక్క, మనుషులు ఎంతమంది అని. రెండోది పని లెక్క. వారానికి 37.5 గంటలు చేస్తే ఒక పూర్తి డాక్టరు. అందులో సగమే చేస్తే అర డాక్టరు. శిక్షణలో ఉన్నవాళ్ళని విడిగా చూపిస్తారు. అంటే మన ఉపాధి హామీలో పనిదినాల లెక్క ఉన్నట్టే వాళ్ళకి డాక్టరు గంటల లెక్క ఉంది.

అక్కడేదో స్వర్గం ఉందని నేననడం లేదు. జీపీ దొరక్క జనం అక్కడా తిట్టుకుంటూనే ఉన్నారు. కానీ లెక్క ఉంటే ఏమవుతుందో చూడండి. 2019 ఎన్నికల్లో అక్కడి కన్సర్వేటివ్ పార్టీ 2024–25 నాటికి ఆరు వేల మంది జీపీలని అదనంగా తెస్తామని వాగ్దానం చేసి గెలిచింది. రెండేళ్ళకి, 2021లో, ఆ దారిలో లేమని వాళ్ళ ఆరోగ్యమంత్రే ఒప్పుకోవాల్సి వచ్చింది. ఎందుకు? నెలనెలా అంకె బయటికొస్తుంటే అబద్ధం ఆడ్డం కష్టం. మన దగ్గర అంకె లేదు. అందుకే మంత్రులకి ఒప్పుకోవాల్సిన కష్టం కూడా లేదు.

ఆ దేశంలోనే జూలియన్ ట్యూడర్ హార్ట్ అని ఒక జీపీ ఉండేవాడు. వేల్స్‌లో బొగ్గుగని కార్మికుల పల్లెలో దశాబ్దాలు పనిచేశాడు. రోగం ఎక్కడ ఎక్కువో అక్కడే మంచి వైద్యం తక్కువ దొరుకుతుందని 1971లో లాన్సెట్ పత్రికలో రాశాడు. వైద్యాన్ని బజారుకి వదిలేసిన కొద్దీ ఇది ముదురుతుందన్నాడు. దీన్ని తలకిందుల న్యాయం అనొచ్చు మనం. ఆయన చేసిన పనేమిటో తెలుసా? జబ్బు చేసి వచ్చినవాళ్ళని చూడ్డంతో ఆగకుండా, ఊళ్ళో రానివాళ్ళని కూడా వెతికి బీపీ చూశాడు. మా నాన్నలాంటి వాళ్ళని వెతికి పట్టుకున్నాడన్నమాట.

మన దగ్గర ప్రభుత్వ డాక్టర్ల గంటలు ఎక్కడికి పోతాయి? నా మిత్రుడొకడు పీహెచ్‌సీ డాక్టరు. మన వాడే, వాడ నుంచి వచ్చినవాడే. పేరు రాయను, ఉద్యోగం పోతుంది. "అన్నా, నన్ను ఒక డాక్టరుగా లెక్కేస్తారు గానీ నేను రోగిని చూసేది సగం రోజు కూడా కాదు" అంటాడు. జిల్లా రివ్యూ మీటింగు ఒకరోజు. కోర్టు సాక్ష్యం ఒకరోజు. పోస్టుమార్టం వస్తే ఆ పూటంతా. మంత్రిగారి కాన్వాయ్ వెనక అంబులెన్సులో కూర్చోవడం ఒకరోజు. పక్క పీహెచ్‌సీలో డాక్టరు లేకపోతే అక్కడ ఇన్‌చార్జి. మిగిలిన టైములో యాపుల్లో ఫొటోలు ఎక్కించడం. వీడి మీద నాకు కోపం లేదు. వీడి గంటల్ని దొంగిలించి, పేరుని మాత్రం లెక్కలో ఉంచుకున్నవాళ్ళ మీద కోపం.

ఇంకో కనికట్టు ఉంది. కేంద్రం రూరల్ హెల్త్ స్టాటిస్టిక్స్ అని ఏటా ఒక పుస్తకం వేస్తూ వచ్చింది. అందులో పీహెచ్‌సీ డాక్టర్ల కొరత 2021–22కి దేశం మొత్తం మీద మూడు శాతం చిల్లరే. అబ్బో, బాగుందే అనిపిస్తుంది. "అవసరం" అన్న గళ్ళో ఏం రాశారో చూడండి. ఒక పీహెచ్‌సీకి ఒక డాక్టరు. మైదానంలో 30 వేల మందికి ఒక పీహెచ్‌సీ ఉండాలన్నది నియమం. అంటే 30 వేల మందికి ఒక డాక్టరు ఉంటే అవసరం తీరిపోయినట్టే! పార్లమెంటులో 834 మందికి ఒకరు అంటారు, పల్లె దగ్గరికొచ్చేసరికి 30 వేల మందికి ఒకరుంటే కొరత లేదంటారు. ఈ రెండు అంకెలూ ఒకే శాఖవి. అదే పుస్తకంలో కమ్యూనిటీ హెల్త్ సెంటర్లలో స్పెషలిస్టుల కొరత మాత్రం ఐదింట నాలుగు వంతులకి దగ్గరగా ఉంది. ఆకలి కొలతని చిన్నది చేస్తే అన్నం కొరత తీరిపోదు.

ఆంధ్రాలో 2023 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా లింగంగుంట్లలో ఫ్యామిలీ డాక్టర్ పథకం మొదలుపెట్టారు. దాని గురించి రాయకపోతే నేను పక్షపాతినవుతాను. ఆలోచన మంచిది. మండలానికి రెండు పీహెచ్‌సీలు, పీహెచ్‌సీకి ఇద్దరు డాక్టర్లు, రెండు వేల నుంచి రెండున్నర వేల జనాభాకి ఒక విలేజ్ క్లినిక్, నెలకి రెండుసార్లు డాక్టరు 104 బండితో పాటు ఊరికి రావడం. మంచం పట్టినవాళ్ళని ఇంటికెళ్ళి చూడ్డం కూడా అందులో ఉంది. నాన్న ఉన్న రోజుల్లో ఇది ఉంటే అని నేను చాలాసార్లు అనుకున్నాను.

కానీ టేపు పెట్టి కొలుద్దాం. నెలకి రెండు రోజులు, రోజుకి నాలుగు గంటల ఓపీ అనుకోండి. నెలకి 480 నిమిషాలు. రెండు వేల మందికి పంచితే మనిషికి నెలకి పదిహేను సెకన్లు కూడా రాదు. ఏడాదికి మూడు నిమిషాల లోపే. అందరికీ జబ్బుండదు, ఒప్పుకుంటాను. రెండు వేలలో రెండొందల మందికి బీపీ, షుగరు ఉన్నాయనుకోండి. ఆ మొత్తం గంటలు వాళ్ళకే ఇచ్చేసినా మనిషికి రెండున్నర నిమిషాలు. ఇక జ్వరమొచ్చిన పిల్లకి, కడుపుతో ఉన్న మనిషికి, ఊపిరాడని ముసలాయనకి సున్నా. ఇది ఫ్యామిలీ డాక్టరా, చుట్టపుచూపు డాక్టరా? ఏ పార్టీ ప్రభుత్వం వచ్చినా నేనడిగేది ఇదే. పథకానికి పేరు ఎవరిదైనా పెట్టుకోండి, గంటలు చెప్పండి.

మిగిలిన ఇరవై ఎనిమిది రోజులు వాడకి డాక్టరు ఎవరు? అందరికీ తెలుసు. ఆర్ఎంపీ. ఆ మూడక్షరాలకి రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ అని అర్థం. ఏ రిజిస్టర్లోనూ పేరు లేనివాడికి రిజిస్టర్డ్ అని పేరు! రిజిస్టర్లో ఉన్నవాడు ఊళ్ళో ఉండడు, ఊళ్ళో ఉన్నవాడు రిజిస్టర్లో ఉండడు. ఇదీ మన దేశ వైద్యం.

దీనికి రుజువు నా దగ్గర కాదు, జనాభా లెక్కల్లోనే ఉంది. 2001 సెన్సస్‌లో "నా వృత్తి డాక్టరు" అని చెప్పుకున్నవాళ్ళ వివరాలు తీసి సుధీర్ ఆనంద్, విక్టోరియా ఫాన్ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన అధ్యయనాన్ని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అచ్చేసింది. అల్లోపతి డాక్టర్లమని చెప్పుకున్నవాళ్ళలో 57 శాతం మందికి వైద్య చదువే లేదు. 31 శాతం మంది హైస్కూలు చదువు దగ్గరే ఆగినవాళ్ళు. పల్లెల్లో అయితే వైద్య చదువున్నవాళ్ళు 18.8 శాతమే. అంటే పల్లెలో ఐదుగురు "డాక్టర్ల"లో నలుగురు ఆర్ఎంపీల్లాంటి వాళ్ళే.

ఆర్ఎంపీని నేను నెత్తిన పెట్టుకోను. మా నాన్న ఒళ్ళునొప్పులకి ఏళ్ళ తరబడి సూదులు వేసింది వాళ్ళే. ఒక్కసారి బీపీ చూసి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. అవసరం లేని సెలైన్లు, ఎడాపెడా యాంటీబయోటిక్కులు, స్టెరాయిడ్లు, అన్నీ నిజమే. కానీ వాడు రాత్రి ఎనిమిదింటికి వస్తాడు. వాడలోకి వస్తాడు. ఇంట్లోకి వచ్చి మంచం మీద కూర్చుంటాడు. డబ్బులు కోతలయ్యాక ఇస్తామంటే ఊరుకుంటాడు. "దొంగ డాక్టర్లని ఏరేయండి" అని ఏసీ గదుల్లో మాట్లాడే పెద్ద డాక్టర్లకి ఒకటే మాట. ఏరేయండి, సంతోషం. ఏరేసిన రాత్రి ఎనిమిదింటికి మీరొస్తారా?

ఇప్పుడు అసలైన చోటికి వచ్చాం. ఊరు, వాడ.

జిల్లాకి సగటు కడతారు. మండలానికి కడతారు. బాగా శ్రద్ధ ఉన్న అధికారయితే గ్రామానికి కడతాడు. వాడకి కట్టినవాడు ఎవడు? ఊరికి క్లినిక్ ఉంటే వాడకీ ఉన్నట్టే రాసుకుంటారు. మ్యాపులో చుక్క పెడితే ఊరికీ వాడకీ మధ్య దూరం కనబడదు. 104 బండి గుడి అరుగు దగ్గర ఆగితే మా ముసలమ్మలు ఆ అరుగు మీద కూర్చుని నంబరు కోసం ఎదురు చూడరు. ఎందుకు కూర్చోరో మీకు వివరించాలా? మాలపల్లెలో చర్చి ముందు ఆగితే ఊరివాళ్ళు రారట. మా వాళ్ళు రాకపోతే మాత్రం ఎవరికీ పట్టదు.

ఇది నా ఊహ కాదు. ఘన్‌శ్యామ్ షా, హర్ష్ మందర్, సుఖదేవ్ థోరట్, సతీష్ దేశ్‌పాండే, అమితా బావిస్కర్ కలిసి 2006లో తెచ్చిన పల్లెల అంటరానితనం పుస్తకం చూడండి. 11 రాష్ట్రాల్లో 565 ఊళ్ళు తిరిగి చేసిన సర్వే అది. మూడో వంతు ఊళ్ళలో ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్ళకి వెళ్ళడానికి నిరాకరిస్తున్నారని తేలింది. ఆ సిబ్బంది అంతా ప్రభుత్వ రిజిస్టర్లో ఒక్కొక్కరూ ఒకటే. ఊరికి ఒకటి, వాడకి సున్నా. ఒకే మనిషి రెండు వీధుల్లో రెండు అంకెలు అవుతున్నాడు. మీ సగటులో ఇది ఎక్కడ పడుతుంది?

లెక్క ఎప్పుడూ రాజకీయమే. బాబాసాహెబ్‌కి ఇది తెలిసినంతగా ఎవరికీ తెలియదు. 1932లో ఓటుహక్కు మీద వేసిన లోథియన్ కమిటీలో ఆయన సభ్యుడు. అంటరానివాళ్ళ జనాభాని బట్టి సీట్లు వస్తాయని తెలియగానే ఏమైంది? సంయుక్త రాష్ట్రాల్లో కోటికి పైగా ఉన్నవాళ్ళు ఉన్నట్టుండి కొన్ని లక్షలే అని చెప్పడం మొదలుపెట్టారు. మనుషులు అక్కడే ఉన్నారు, లెక్కలోంచి మాత్రం మాయమయ్యారు. ఆ రోజు మనల్ని తగ్గించి లెక్కపెట్టారు, సీట్లు ఇవ్వకుండా ఉండడానికి. ఈ రోజు డాక్టర్లని పెంచి లెక్కపెడుతున్నారు, డాక్టర్లని ఇవ్వకుండా ఉండడానికి.

చరిత్రలో ఇంకో పుట కూడా తిప్పాలి. స్వాతంత్ర్యానికి ముందు మన దేశంలో డాక్టర్లు సుమారు 47 వేలమంది. వాళ్ళలో దాదాపు 30 వేలమంది ఎల్ఎంపీల్లాంటి లైసెన్షియేట్లు, తక్కువ కాలం చదివి వైద్యం చేసేవాళ్ళు. 1946లో భోర్ కమిటీ ఇక ఆ చదువు వద్దు, ఒకే రకం డాక్టరు చాలంది. ఆరుగురు సభ్యులు ఒప్పుకోలేదు, పల్లెలకి డాక్టర్లు దొరకరని రాశారు. భోర్ కమిటీ ఉద్దేశం మంచిదే. పేదవాడికి తక్కువ రకం డాక్టరు ఎందుకని. కానీ గొప్ప డాక్టరు పల్లెకి రాలేదు. ఆ ఖాళీలోకి ఆర్ఎంపీ వచ్చాడు. నేను మళ్ళీ తక్కువ చదువు డాక్టర్ని వాడకి పంపమనడం లేదు. మాకూ పూర్తి డాక్టరే కావాలి. ఒక తలుపు మూసేటప్పుడు ఎవరు బయట ఉండిపోతారో లెక్క చూడాలంటున్నాను.

మరి డాక్టరు కావడానికి తలుపు ఎవరికి తెరుచుకుంది? మద్రాసు రాష్ట్రంలో మెడికల్, ఇంజినీరింగ్ సీట్లని కులాలవారీగా పంచే జీవోని 1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పుడు మన కోస్తా, సీమ కూడా ఆ రాష్ట్రంలోనివే. అదే ఏడాది రాజ్యాంగాన్ని సవరించి 15(4) తెచ్చుకుంటే గానీ మన పిల్లలకి దారి నిలవలేదు. ఆ దారిలో వెళ్ళినవాళ్ళకి ఏమవుతోంది? ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల్ని ఎట్లా వేరు చేసి చూస్తున్నారో 2007లో థోరట్ కమిటీ రాసింది. 2019లో ముంబైలో ఆదివాసీ డాక్టరు పాయల్ తడవి ప్రాణం తీసుకుంది. తోటివాళ్ళ కుల వేధింపులే కారణమని ఆమె తల్లి కోర్టుకెక్కింది. డాక్టర్ల కొరత గురించి ఏడ్చేవాళ్ళు ఇట్లా కోల్పోయిన డాక్టర్లని ఏ పద్దులో రాస్తారు?

"డాక్టరుకి కులమేంటి?" అని అడుగుతారు కొందరు. డాక్టరుకి కులం లేకపోతే చాలా సంతోషం. వాడకి వెళ్ళని ఆ మూడో వంతు ఊళ్ళ సిబ్బందికి కూడా లేకుండా చెయ్యండి, ఆ రోజు నేను అడగను. అంతదాకా అడుగుతాను. ఎంతమంది దళిత డాక్టర్లున్నారు, వాళ్ళలో పల్లెల్లో ఎంతమంది, ఏ మెడికల్ కౌన్సిల్ రిజిస్టరు చెప్తుంది? ఏదీ చెప్పదు.

ఇప్పుడు ఒక అవకాశం ఉంది మిత్రులారా, అందుకే ఇంత రాశాను. 2027 జనాభా లెక్కల్లో కులం కూడా రాస్తామని కేంద్రం ప్రకటించింది. 1931 తరవాత అన్ని కులాలనీ సెన్సస్‌లో లెక్కపెట్టడం ఇదే మొదలు. సెన్సస్‌లో వృత్తి కూడా అడుగుతారు. కులం, వృత్తి, నివాసం, మూడూ ఒకే కాగితంలో ఉంటాయి. 2001 సెన్సస్‌లోంచి ఆ ఇద్దరు పరిశోధకులు అంత బయటపెట్టినప్పుడు, 2027లోంచి ఎంత రావచ్చు? రాయడం వరకే ఆగి పట్టికలు బయటపెట్టకపోతే మాత్రం మళ్ళీ మోసపోయినట్టే. తెలంగాణాలో 2024 నవంబరులో మొదలైన కులసర్వే వివరాలని కూడా ఇదే కంటితో అడగాలి.

మనం అడగాల్సినవి ఇవి. రాసుకోండి, మీ ఎమ్మెల్యేకి ఇవ్వండి, గ్రామసభలో చదవండి.

1. ఇంటి డాక్టర్ల లెక్క వేరుగా చెప్పాలి. స్పెషలిస్టుల్ని, ప్రొఫెసర్లని, శిక్షణలో ఉన్నవాళ్ళని అందులో కలపొద్దు. ఆయుష్ డాక్టర్ల అంకె విడిగా వెయ్యాలి.

2. తలలతో పాటు గంటలు చెప్పాలి. మీటింగులు, కాన్వాయ్‌లు, పోస్టుమార్టాలు పోగా రోగుల ముందు కూర్చున్న గంటలు. పీహెచ్‌సీవారీగా, ప్రతినెలా.

3. ఆ గంటల్లో కూలికి పోయేవాళ్ళకి పనికొచ్చేవి ఎన్నో చెప్పాలి. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా డాక్టరు దొరకని చోట డాక్టరు ఉన్నట్టు రాయొద్దు.

4. సగటు గ్రామం దగ్గర ఆగకూడదు. వాడ, తండా, గూడెం విడివిడిగా చూపించాలి. బండి ఎక్కడ ఆగిందో కూడా రాయాలి.

5. పోస్టులు మంజూరైనవి ఎన్ని అని కాక, డాక్టరు ఒకే చోట రెండేళ్ళయినా ఉన్నాడా అన్నది చెప్పాలి. ఆర్నెల్లకొకరు మారితే వాళ్ళని ఇంటి డాక్టరు అనరు.

6. డాక్టర్ల సామాజిక వర్గం, ఆడ మగ వివరాలు బయటపెట్టాలి.

7. డాక్టర్ని కాక రోగిని అడిగి లెక్క తీయాలి. "జ్వరమొస్తే మొదట ఎవరి దగ్గరికి పోతారు? పోయిన ఏడాదిలో మీ బీపీ ఎవరైనా చూశారా?" ఈ రెండు ప్రశ్నలు ప్రతి ఇంట్లో అడిగితే చాలు, 834 ఎక్కడుందో తెలిసిపోతుంది.

ఏడోది చెయ్యడానికి ప్రభుత్వం కోసం ఆగక్కర్లేదు. మేం మా వాడలో మొదలుపెట్టాం. ఇంటర్ చదివే పిల్లలు నలుగురు, ఒక నోటుపుస్తకం, చందాలేసుకుని కొన్న బీపీ మిషను. రాత్రి అన్నాలయ్యాక ఇంటింటికీ తిరుగుతున్నారు. పట్టీ కడుతుంటే సిగ్గుపడే ముసలాళ్ళున్నారు. "నాకెందుకురా" అనేవాళ్ళున్నారు. ఎక్కువ చూపించినవాళ్ళని వెంటబెట్టుకుని ఆటోలో పీహెచ్‌సీకి తీసుకెళ్తున్నాం. అక్కడ మన మిత్రుడిలాంటి డాక్టరు ఉంటే చూస్తున్నాడు, కాన్వాయ్ వెనక పోయి ఉంటే తిరిగొస్తున్నాం. తిరిగొచ్చిన రోజు కూడా పుస్తకంలో రాస్తున్నాం, తేదీతో సహా. వచ్చే గ్రామసభకి ఆ పుస్తకం పట్టుకెళ్తాం.

పిల్లలు మొదటి రోజు మొదట మా ఇంటికే వచ్చారు. అమ్మ చెయ్యి చాపింది. మిషను చూపించిన అంకె చూసి పిల్లలు నా వంక చూశారు. తెల్లారి ఆమెని ఆటో ఎక్కించాను. ఇప్పుడు మాత్ర వేసుకుంటోంది. నెలనెలా ఆ మాత్ర అందుతుందా, డాక్టరు మళ్ళీ చూస్తాడా అన్నది మీకు చెప్తూనే ఉంటాను.

ఫోన్ చేసిన పెద్దాయనకి నా జవాబు ఇదే. సార్, 834 మందికి ఒక డాక్టరు ఉన్నాడంటున్నారు. మాది 834 కంటే చిన్న వాడ. మా వంతు డాక్టరు పేరేంటో, ఏ సాయంత్రం వస్తాడో చెప్పించండి. అరుగు ఊడ్చి కుర్చీ వేసి ఉంచుతాం.

మీ మీ వాడల్లో ఆ రెండు ప్రశ్నలూ అడగండి. వచ్చిన జవాబులు నాకు పంపండి. వచ్చే భాగం వాటితోనే రాస్తాను.

జై భీమ్.